అన్న ముట్టని నీళ్ళు

ఓబులమ్మ ఇంట్లో దాహానికి కొలత ఉండేది. కొడుకు హరికి పొద్దున సీసాలో పోసి పెట్టిన నీళ్ళే రాత్రిదాకా. వాడు ఆ నీళ్ళను నాలుక మీద కాసేపు నిలుపుకొని మింగేవాడు. పంతొమ్మిదేళ్ళకే రెండు కిడ్నీలూ ఎండిపోయాయి. వారానికి రెండుసార్లు తల్లీకొడుకులు జిగణిలో బస్సెక్కి డయాలసిస్‌కు పోయేవారు. తిరుగు బస్సులో ఒకరి భుజం మీద ఒకరు ఒరిగి నిద్రపోయేవారు.

ఓబులమ్మను తల్లి తన తమ్ముడు గంగన్నకే ఇచ్చింది. మొగుడూ పెళ్ళాం మడకశిర నుంచి వచ్చి, జిగణిలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో చేరారు. పిల్ల బయటి గడప తొక్కలేదని ఊరు మెచ్చుకుంది. డాక్టరమ్మ మాత్రం, జబ్బు ఇద్దరిలోనూ నిద్రపోతూ ఉండి బిడ్డలో లేచిందని చెప్పింది. కూతురు కల్యాణి బాగానే ఉంది కానీ, ఆమెను బంధువులకు మాత్రం ఇవ్వొద్దంది.

కిడ్నీ ఇద్దామంటే ఓబులమ్మ రక్తం హరికి కలవలేదు. గంగన్నకు షుగరు. చివరికి అన్న బైరప్పది సరిపోయింది.

"నా మేనల్లునికి ఇయ్యక ఇంకెవురికిస్తానే?" అన్నాడు బైరప్ప. ఆ రోజు ఓబులమ్మ కడుపునిండా తిన్నది.

ఆపరేషన్ దగ్గరపడ్డాక ఒక ఆదివారం ఆయన పళ్ళెంలో చీర, ఆకు వక్క పెట్టుకొని వచ్చాడు. ఓబులమ్మ ఇచ్చిన నీళ్ళచెంబు పక్కన పెట్టి, "కల్యాణిని మా పిల్లోడు రాజుకు అడిగేదానికొచ్చినా" అన్నాడు.

"డాక్టరమ్మ వద్దనింది అన్నా."

"డాక్టరమ్మ వచ్చి కాళ్ళు కడుగుతాదా? మన ఆడోళ్ళు అందురూ మనోళ్ళకే పోలేదా?"

"పోయినాము కాబట్టే వీడు ఇట్లుండాడు."

"అంటే మా రక్తం చెడ్డది. చెడ్డ రక్తమోడి కిడ్నీ మాత్రం మంచిదా?"

ఆమె చాపమీది హరి వైపు చూసింది. వాడు గోడకు తిరిగి పడుకున్నాడు. పళ్ళెం అందుకుంటే చాలు, వాడు తనివితీరా నీళ్ళు తాగుతాడు. కానీ ఇంకా పుట్టని బిడ్డ ఎవరో ఖాళీ గ్లాసు పట్టుకొని వాకిట్లో నిలబడినట్టు అనిపించింది.

"నీ కాళ్ళు పట్టుకుంటా, వీనికియ్యన్నా. ఇయ్యకపోయినా పిల్లనియ్యను."

బైరప్ప పళ్ళెం తీసుకొని లేచాడు. వాకిట్లో చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది ఆయనకు. ఆమె పిలవలేదు.

చెంబు నిండుగా అక్కడే ఉంది. హరి ఇటు తిరిగాడు.

"మామ తాగలేదు కదమ్మా. నేనొక గుక్క తాగనా?"

ఓబులమ్మ చెంబెత్తి సీసామూతలోకి వంచింది. మూత నిండగానే ఆపింది. మిగిలిన నీళ్ళు బకెట్లో పోసి, మర్నాటి బస్సు కోసం వాడి చొక్కా ఉతకడానికి కూర్చుంది.