నందిగామలో మాత్రల సంత

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, మా జగ్గయ్యపేటలో జ్వరం తగ్గిందనడానికి రెండు గుర్తులుండేవి. మనిషి లేచి కూర్చుని టీ అడిగేవాడు, మిగిలిన మాత్రలు డబ్బాలోకి చేరేవి. డాక్టరు ఏడు రోజులకు రాసిస్తే మూడో రోజుకే ఆపేసేవాళ్లం. మిగిలినవి పారేయడానికి చేతులు రావు. పక్కింట్లో ఎవరైనా దగ్గితే, “మావాడికి ఇవే పనిచేశాయి వదినా” అంటూ ధారాళంగా ఇచ్చేసేవాళ్లు. (మా ఇంటి డబ్బాలో ఉన్నన్ని రంగులు నా డ్రాయింగు పెట్టెలో ఉండేవి కావు.)

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా నాన్నది మోటార్లకు వైండింగు చేసే షాపు. నా మార్కులు చూసి, “వేసవి సెలవులివ్వగానే షాపుకొచ్చెయ్యి, చదివి నువ్వు ఉద్ధరించేదేం లేదు” అని తేల్చేశాడు. సైన్సు మాస్టారు అడ్డుపడ్డారు. నందిగామ సైన్సు ఫెయిరులో ‘ఆధునిక వైద్యం: విజయాలు, సవాళ్లు’ అని మా బడి తరఫున ఒక స్టాలు పెడుతున్నామని, అందులో నన్ను తీసుకున్నామని, కనీసం పది దాకా చదవనివ్వమని అడిగారు. “ప్రైజు తెస్తే చూద్దాం లెండి” అన్నాడు నాన్న. అలా నా పదో తరగతి మొత్తం ఒక స్టాలు బల్లకు వేలాడింది.

క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే అమ్మాయి (మేము ర్యాంకమ్మ అనేవాళ్లం) టీకాల గురించి, గుండె ఆపరేషన్ల గురించి ముత్యాల్లాంటి అక్షరాలతో చార్టులు రాసింది. నా వాటా నోరు. సవాలు చూపించడానికి గోనెపట్టా మీద పల్లేరుకాయలు గుచ్చాం. అవి రోగక్రిములు. రోజుకో మాత్ర అని చెప్పి బ్రష్షుతో ఒకసారి రుద్దితే కొన్ని రాలతాయి. మూడో రోజుకే ఆపేస్తే మొండివే మిగులుతాయి, ఆ మొండివే పిల్లల్ని పెడతాయి, ఈసారి అదే మందుకు లొంగవు. ఇదీ పాఠం. ఒక కాంపౌండరుగారి తెల్లకోటు అరువు తెచ్చి నాకు తొడిగారు. అది నా మోకాళ్లు దాటి వేలాడేది.

మొదటి రోజు మా స్టాలుకు ఈగ కూడా రాలేదు. పక్క స్టాలులో అగ్నిపర్వతం పొగలు కక్కుతుంటే పల్లేరుకాయలెవరు చూస్తారు? నాకు మండింది. సాయంత్రం బెంచీ ఎక్కి, “మీ ఇళ్లల్లో మిగిలిపోయిన మాత్రలు రేపు పట్టుకురండి, వాటి సంగతి మేం చెబుతాం” అని అరిచాను. వాటిని కుప్పపోసి సవాలు ఎంత పెద్దదో చూపిద్దామని నా ఆలోచన.

మర్నాడు పొద్దున్నే గేటు దాకా లైను. వత్సవాయి బస్సు దిగి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అందరి చేతుల్లోనూ డబ్బాలు. ముందున్న మామ్మ సంచి విప్పింది.

“ఈ గులాబీవి దేనికయ్యా?”

“నాకు తెలీదు మామ్మా. నేను తొమ్మిదో తరగతి.”

“కోటేసుకున్నావుగా, చెప్పు.”

నేను ఆ మాత్రను అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, విసుగొచ్చిన వెనకవాళ్లు వాళ్లలో వాళ్లే మొదలుపెట్టారు.

“నీ దగ్గర రెండు రంగుల గొట్టం బిళ్లలున్నయ్యా వదినా?”

“నాలుగున్నయ్. దగ్గుకి భలే పనిచేస్తయ్. నీ పచ్చవి రెండియ్యి.”

పది నిమిషాల్లో అది సంత అయిపోయింది. ఏది చేయకూడదని చార్టుల్లో రాశామో, సరిగ్గా అదే మా చార్టుల కింద జోరుగా సాగుతోంది. జడ్జిగా వచ్చిన డాక్టరమ్మ అడుగుపెట్టింది కూడా అప్పుడే. అప్పటికి లైను ముందుకు వచ్చిన మనిషి, పక్కాయనకు మాత్రల అట్ట సగం తుంచి ఇస్తున్నాడు. మా నాన్న. నా ప్రతాపం చూడమని మాస్టారే పిలిచారట. వచ్చేవాడు ఊరికే రాకుండా ఇంట్లో డబ్బా కూడా తెచ్చాడు.

“ఏం స్టాలిది?” అంది డాక్టరమ్మ. ర్యాంకమ్మ మాస్టారి వైపు చూసింది. మాస్టారు కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

“విజయాలు చార్టుల మీదున్నయ్యండి,” అన్నాను. “సవాళ్లు లైన్లో నిలబడ్డయ్యండి. ముందు నిలబడ్డ సవాలు మా నాన్నండి.”

ఆవిడ నవ్వలేదు. నాన్న చేతిలో అట్ట తీసుకుని చూసింది.

“ఎన్ని రోజులు వాడమన్నారు?”

“చెవి పోటుకండి. ఏడు రోజులన్నారు. మూడు రోజులకే తగ్గిందండి.”

“తగ్గింది పోటా, జబ్బా?” అని, నా వైపు తిరిగి, “మీ నాన్నగారికి చూపించు బాబూ” అంది.

నేను మూడుసార్లు రుద్ది ఆపాను. నాన్న వంగి, మిగిలిన పల్లేరుకాయ ఒకటి పీకబోయి వేలికి గుచ్చుకున్నాడు.

“ఇయ్యి వదలవేంట్రా?”

“అందుకేగా నాన్నా, మిగతా నాలుగు రోజులు.”

వెనక లైన్లో బేరాలు ఆగిపోయాయి. డాక్టరమ్మ ఒక అట్టపెట్టె తెప్పించుకుని మా బెంచీ మీదే కూర్చుని, మధ్యాహ్నం దాకా అందరి మాత్రలూ అందులో వేయించుకుంది.

ప్రైజు అగ్నిపర్వతానికి వచ్చింది. (నిప్పుకున్న గిరాకీ వైద్యానికెక్కడిది?) తిరుగు బస్సులో నాన్న పక్కన కూర్చుని, వైండింగు షాపులో నా స్టూలు ఏ మూలన వేస్తాడా అని ఆలోచిస్తున్నాను. చిల్లకల్లు దాటాక ఆయన నోరు విప్పాడు.

“నలుగుర్లో నా పరువు తీశావు.”

నేను ఒళ్లో ఉన్న తెల్లకోటును ఇంకో మడత పెట్టాను.

“అర్థమయ్యేటట్టు మాత్రం చెప్పావురా. పది చదువుకో.”

అలా గెలుచుకున్న ఆ ఏడాదిని నేను క్లాసును నవ్వించడానికే ఖర్చుపెట్టాను. లెక్కలు పోయాయి, నేను షాపుకొచ్చాను. ఇందులో ఎవరి తప్పూ లేదు, నాది తప్ప. ఇప్పుడు రాగి తీగ చుడుతూ కూర్చున్నప్పుడు, మోకాళ్లు దాటిన తెల్లకోటులో ఆ కుర్రాడు ఒక్కోసారి గుర్తొస్తాడు. భుజం మీద చెయ్యి వేసి, “ఒరే, బాగా చెప్పావు, రోజుకో గంట లెక్కలు కూడా చూసుకోరా” అనాలనిపిస్తుంది. వాడు వినడు. నన్ను పైనుంచి కిందికి ఓసారి చూసి, నా మీదే ఏదో జోకు వేస్తాడు. అది బాగానే ఉంటుంది కూడా.