చేతుల్లో ఏమీ లేదక్కా

2022 నవంబరు. పెనుకొండలో కొండ కింది వీధిలో అయ్యప్ప పడిపూజ, సౌండ్ మాది. మాదంటే హిందూపురంలో మా నాయన పెట్టిన అంగడిది. ఆయన మోకాళ్ళు మొండికేసినప్పటి నుంచి మిక్సర్ ముందు నేనే కూర్చుంటున్నాను. ఆడమనిషి స్పీకర్లు కట్టించడమేమిటని మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు పెళ్ళి కుదరగానే ముందు నాకు ఫోన్ చేస్తున్నారు. నవ్విన పేర్లన్నీ నాకు గుర్తున్నాయి, అది వేరే సంగతి.

ఆ రోజు భజన బృందంలో డ్రమ్స్ వాయించాల్సింది ఓబులేసు. ధర్మవరంలో పట్టుమగ్గం నేస్తాడు. సొంతూరు కొత్తచెరువు దగ్గర ఒక పల్లె, ఇంట్లో గొర్రెలు, పెంచింది అవ్వ. అప్పటిదాకా చిన్న రిథమ్ ప్యాడ్ ఒకటి ముందు పెట్టుకుని భజనల్లో వాయించేవాడు. ఆ ఏడు మొదటిసారి మాల వేసుకున్నాడు. పూర్తి ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ ముందు కూర్చోవడం కూడా అదే మొదటిసారి. మాలలో ఉన్నవాడు దీక్ష అయ్యేదాకా చెప్పులు తొడగడు. చిన్నా పెద్దా అందరూ అతన్ని స్వామీ అనే పిలుస్తారు, ఎంత పెద్దవాళ్ళయినా కాళ్ళకు మొక్కుతారు. తమ్ముడిలాంటివాడే అయినా నేనూ స్వామీ అనే పిలిచాను, కోపం వచ్చినప్పుడు తప్ప.

మధ్యాహ్నం కిట్ బిగిస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అక్కా, మా అవ్వ వస్తాండాది. ఒక స్పీకరు ఆయమ్మ పక్కకు తిప్పు. చెవులు మందం."

"మీ అవ్వకోసం ఇంకో స్పీకరు తెమ్మంటావా స్వామీ?" అన్నాను. నవ్వాడు గానీ, అక్కడే నిలబడ్డాడు. నేను స్పీకరు తిప్పాక గానీ కదల్లేదు.

తెలియనివాళ్ళ కోసం ఈ కిట్ గురించి నాలుగు మాటలు. ఇందులో తోలు డోళ్ళు ఉండవు. ర్యాక్ అని ఇనుప పైపుల చట్రం ఉంటుంది, దానికి రబ్బరు ప్యాడ్లు బిగిస్తాం. ప్యాడ్ మీద పుల్ల పడగానే లోపలి సెన్సర్ ఆ దెబ్బను మాడ్యూల్ అనే పెట్టెకు చేరవేస్తుంది. చప్పుడు పుట్టేది ఆ పెట్టెలోనే. అక్కడి నుంచి కేబుల్ మీద మిక్సర్‌కు, మిక్సర్ నుంచి స్పీకర్లకు వెళుతుంది. పాడేవాళ్ళ మైకులన్నీ కార్డ్‌లెస్. అంటే ఆ వేదిక మీద తీగతో నా మిక్సర్‌కు కట్టేసి ఉన్నది డ్రమ్ కిట్ ఒక్కటే. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

వేదిక అంటే రెండు ట్రాక్టర్ ట్రైలర్లు. పక్కపక్కన నిలబెట్టి, గొలుసులతో కట్టి, పైన పచ్చ కార్పెట్ పరిచారు. చుట్టూ గుడ్డ కట్టారు. ఎక్కడానికి ఒక చెక్క బల్ల వేశారు. పద్దెనిమిది మెట్లు, పీఠం ఎదురుగా షామియానాలో ఉన్నాయి. వైరింగ్ పనిలో నేను రబ్బరు చెప్పులు విప్పను. పీఠం వేరే చోట ఉంది కాబట్టి గురుస్వామి దానికి ఒప్పుకున్నాడు. ఆయన పెనుకొండలోనే కిరాణా వ్యాపారి, మాట మెత్తన, పట్టు గట్టి.

కరెంటు రెండు చోట్ల నుంచి వచ్చింది. సౌండుకు జనరేటర్, అలంకరణ లైట్లకు పక్కింటి కరెంటు. జనరేటర్‌కు ఎర్త్ రాడ్ దిగ్గొడదామంటే ఆ నేలలో జానెడు లోతున బండ తగిలింది. నాలుగు చోట్ల కొట్టి, చివరికి ఒక చోట మూరెడు దిగితే చుట్టూ ఉప్పునీళ్ళు పోయించాను. ఎర్త్ అంటే దారి తప్పిన కరెంటు నేలలోకి పోవడానికి మనం చూపించే తోవ. మా సీమ నేలలో ఆ తోవ చూపించడమే సగం పని.

మధ్యాహ్నం సౌండ్ చెక్ శుభ్రంగా జరిగింది. తర్వాత లైటింగ్ నాగరాజు వచ్చి ట్రైలర్ల అంచుల వెంట సీరియల్ సెట్లు కట్టాడు. పొద్దు వాలుతుండగా సన్నగా తుంపర మొదలైంది. బృందమంతా బల్ల మీదుగా వేదిక ఎక్కి కూర్చున్నాక జనరేటర్ వేశారు, లైట్లు వేశారు.

నేను మిక్సర్ మీద డ్రమ్స్ చప్పుడు పెంచే మీట, ఫేడర్, కొంచెం పైకి తోశాను. గుయ్‌మని హమ్ వచ్చింది.

హమ్ కొత్తేమీ కాదు. రంగురంగుల లైట్లు వెలిగితే స్పీకర్లలో కొంత గుయ్యి మామూలే. కానీ ఇది నిలకడగా లేదు, నిమిష నిమిషానికీ పెరుగుతోంది. కేబుల్ మార్చాను. డి.ఐ. బాక్స్ మార్చాను, అది మాడ్యూల్‌కూ మిక్సర్‌కూ మధ్య పెట్టే చిన్న పెట్టె. అయినా తగ్గలేదు.

గురుస్వామి దగ్గరికి వచ్చాడు. "ఏమ్మా, ఇంకా ఎంతసేపు? భజన మొదలైతేనే గదా మెట్ల మీద కర్పూరం వెలిగించేది. పొద్దు పోతాండాది."

"రవ్వంత ఆగండి గురుస్వామీ."

నాగరాజు నవ్వాడు. "ఏంలేదక్కా, ప్లగ్గుకు ఎర్త్ పిన్ను పీకేయ్. గుయ్యి అదే పోతాది. అందురూ చేసేదే గదా."

నిజమే, మా వృత్తిలో చాలామంది అదే చేస్తారు. ఎర్త్ తీసేస్తే చాలాసార్లు హమ్ ఆగిపోతుంది, జనం చప్పట్లు కొడతారు. నాకు చిర్రెత్తుకొచ్చింది గానీ, ముందు జనం, పక్కన గురుస్వామి, పైన తుంపర. ప్లగ్గు చేతిలోకి తీసుకుని చూస్తూ నిలబడ్డాను కూడా. అయినా మనసొప్పలేదు. వేదిక ఎక్కి, టెస్టర్ తీసి ర్యాక్ మీద పెట్టాను. వెలగలేదు. కార్పెట్ తొలగించి ట్రైలర్ ఇనుము మీద పెట్టాను. అక్కడా వెలగలేదు. సరే, కరెంటు లేదు, ఇది ఉత్త గుయ్యే అనుకున్నాను.

"స్వామీ, మాడ్యూల్ మీద ఆ గుండ్రటి బటన్ కొంచెం తగ్గించు" అన్నాను.

ఓబులేసు ఒక చెయ్యి ర్యాక్ పైపు మీద ఆనించి, రెండో చెయ్యి బటన్ మీద పెట్టాడు. స్పీకర్లలో గుయ్యి ఒక్కసారిగా మారింది. అతని భుజం చిన్నగా అదిరింది. చెయ్యి మాత్రం తియ్యలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఏమైంది?"

"ఏంలేదక్కా."

"ఓబులేసూ, ఏమైందో చెప్పు."

గొంతు తగ్గించి చెప్పాడు. "చేతుల్లో జివ్వుమంటాండాదక్కా. ఈ పైపు ముట్టుకొంటే మోచేతి దాకా పోతాండాది. సామి వస్తాండాడు."

"ఎప్పటి నుంచి?"

"లైట్లు వేసినప్పట్నుంచి. వాన పడేకొద్దీ ఎక్కువైతాండాది."

వెనకున్న స్వాములు విన్నారు. ఎవరో శరణుఘోష అందుకున్నారు, అందరూ గొంతు కలిపారు. గురుస్వామి కిందనుంచే రెండు చేతులూ జోడించాడు. నేను మాత్రం అతని కాళ్ళ వైపు చూశాను. వేదిక మీద చెప్పులున్నది నాకొక్కదానికే. అతను వట్టి కాళ్ళతో తడి కార్పెట్ మీద ఉన్నాడు.

"స్వామీ, పుల్లలు అక్కడ పెట్టు. కిట్ దగ్గర్నుంచి లేచి దూరంగా నిలబడు. ఏదీ ముట్టుకోవద్దు" అని చెప్పి బల్ల మీదుగా కిందికి దిగాను.

దిగుతుండగా అర్థమైంది. టెస్టర్ వెలగాలంటే దాన్ని పట్టుకున్న మనిషి వైపు, అవతలి వైపు కరెంటులో తేడా ఉండాలి. నేను ట్రైలర్ మీదే నిలబడి ట్రైలర్‌నే పరీక్షించాను. ర్యాక్ చూస్తే ఎర్త్‌కు తగులుకుని ఉంది, నా కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి, అందుకే అక్కడా వెలగలేదు. ట్రైలర్ రబ్బరు టైర్ల మీద ఉంది. దానికి కరెంటు ఎక్కినా నేలలోకి దిగే దారి లేదు, ఫ్యూజు పోదు, పైనున్న ఎవరికీ తెలియదు. తెలిసేది తీగతో నా మిక్సర్ ఎర్త్‌కు తగులుకుని ఉన్న డ్రమ్ కిట్‌ను ముట్టుకునేవాడికే. అదీ కార్పెట్ తడిసేకొద్దీ.

నేల మీద నిలబడి, గుడ్డ పక్కకు లాగి, టెస్టర్‌ను ట్రైలర్ ఇనుముకు ఆనించాను. ఎర్రగా వెలిగింది.

తల తిప్పేసరికి ఓబులేసు అవ్వ కనిపించింది. మనవడు లేచి నిలబడడం చూసి జనం ముందు కట్టిన తాడు కిందనుంచి దూరి ముందుకు వచ్చేసింది. అతనూ అవ్వను చూసి ట్రైలర్ అంచుకు వచ్చి నిలబడ్డాడు. దూరంగా నిలబడమన్నది నేనే కదా. అంచు మీద అతని పాదాలు సరిగ్గా ఆమె రొమ్ము ఎత్తున ఉన్నాయి. ఆమె వట్టి కాళ్ళతో బురదలో ఉంది. తలమీది కొంగు సర్దుకుని, మాలలో ఉన్న మనవడి కాళ్ళకు మొక్కడానికి రెండు చేతులూ చాపుతోంది. అతని ఒంట్లో ఉన్న కరెంటుకు నేలలోకి దిగే దారి ఆ చేతులే.

"అవ్వా! ముట్టుకోవద్దు!"

నా గొంతు అంత పెద్దదని అప్పటిదాకా నాకే తెలియదు. అవ్వ చేతులు గాలిలో ఆగిపోయాయి. చెవులు మందమైనా ఆ మాట వినబడింది. నావైపు చూసింది. ఆ చూపును నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ మాట ఆమె జీవితంలో ఎన్నిసార్లు, ఎవరెవరి నోట విన్నదో ఆ ముఖంలోనే ఉంది. నా అంగడి, నా కులం, నా మెడలోని గొలుసు అన్నీ కలిపి ఆ మాట అన్నట్టే వినబడి ఉంటుంది. చేతులు వెనక్కి తీసుకుంది.

వెనకనుంచి ఎవరో అరిచారు. "ఏమమ్మా, ఆయమ్మ ముట్టుకోకూడదా? దేవుని కాడ గూడా ఇదేనా?"

చెప్పుకోవడానికి సమయం లేదు. "ఓబులేసూ, అవ్వ దగ్గర్నుంచి వెనక్కి జరుగు! బండికి కరెంటు ఎక్కింది. పైనున్నోళ్ళు ఎవరూ దిగొద్దు, కింద ఉన్నోళ్ళు ఎవరూ బండిని తాకొద్దు!"

జనరేటర్ ఆపించాను. స్పీకర్లు మూగబోయాయి. టెస్టర్ పెడితే ఇంకా వెలుగుతూనే ఉంది. ట్రైలర్ అంచున రంగు లైట్లు మాత్రం నవ్వుతూ పరిగెడుతున్నాయి. అంటే కరెంటు నాది కాదు, పక్కింటిది.

"నాగరాజూ, ఇంట్లో ఫ్యూజు పీకు! పరిగెత్తు!"

అతను పరిగెత్తాడు. అతను పోయి ఫ్యూజు పీకేలోపు పైనున్న స్వాములు ఒక్కరు కూడా కదల్లేదు. మధ్యలో ఒక పెద్దాయన కాళ్ళు తిమ్మిరెక్కి దిగబోతే ఓబులేసే చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. నేను టెస్టర్ ఇనుముకు ఆనించి దాన్నే చూస్తూ నిలబడ్డాను. లైట్లు ఆరిపోయాయి, టెస్టర్ కూడా ఆరిపోయింది. అప్పుడు ఒక్కొక్కరినీ బల్ల మీదుగా దించాను.

తప్పు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ట్రైలర్ వెనక డోర్ మూసేటప్పుడు సీరియల్ సెట్ తీగ దాని కీలు సందులో నలిగింది. పైతొడుగు చిట్లి, లోపలి రాగి ఇనుముకు ఆనుకుంది. నాగరాజు ఆ తీగను చేతిలో పట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు. సాయంత్రం నుంచి అతన్ని తిట్టడానికి నా దగ్గర చాలా మాటలు పోగయ్యాయి. అతని ముఖం చూశాక ఒక్కటీ రాలేదు.

"ఎర్త్ పీకేసుంటే గుయ్యి పోయేది నాగరాజూ" అన్నాను. "నేనూ ఇంక వెతక్కుండా కూర్చొని ఉందును."

అతను ఆ తీగను చుట్టచుట్టి పక్కన పెట్టాడు.

అవ్వ షామియానా గుంజ పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. పోయి చేతులు పట్టుకున్నాను. "అవ్వా, నిన్ను అనలేదు. నువ్వు వాని కాళ్ళు తాకింటే ఇద్దురూ పోయేవాళ్ళు. క్షమించు."

"నేను వేరే అనుకొంటి తల్లీ" అంది. "ఆ మాటకే నిలబడిపోతి. మెల్లగా చెప్పింటే నాకు వినబడునా?"

ఏడుపు ఆగలేదు నాకు. ఆమే తన కొంగుతో నా ముఖం తుడిచింది.

ఓబులేసు వచ్చాడు. అవ్వ అక్కడే, బురదలోనే, వంగి అతని కాళ్ళకు మొక్కింది. అతను లేవనెత్తి ఆమె భుజాలు పట్టుకున్నాడు. తర్వాత నన్ను అడిగాడు, పిల్లవాడిలాగా: "అయితే అక్కా, సామి రాలేదా?"

గురుస్వామి కల్పించుకుని అన్నాడు. "మీ అవ్వ ఈడ నిలబడుకొని ఉండాది గదా సామీ. ఇంకెట్ల రావల్ల?"

పూజ ఆలస్యమైనా ఆయన తొందరపెట్టలేదు. తడి కార్పెట్ తీసేసి, పైన టార్పాలిన్ లాగి, పొడి చెక్కపలకలు పరిపించాడు. ట్రైలర్ల మీద ఒక్క లైటు కూడా ఉంచలేదు. నేను ముందు నేల మీద నిలబడి టెస్టర్ పెట్టి చూశాను, తర్వాతే ఓబులేసును ఎక్కనిచ్చాను. అతను కూర్చుని, రెండు అరచేతులూ ర్యాక్ పైపు మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఏదో ఎదురుచూస్తున్నట్టు కాసేపు అలాగే ఉన్నాడు.

"చేతుల్లో ఏమీ లేదక్కా" అన్నాడు. గొంతులో దిగులు దాచుకోలేకపోయాడు. నేను ఫేడర్ తోశాను, గుయ్యి లేదు. మొదటి పాటలో చేతులు తడబడ్డాయి. రెండో పాటకు అవ్వ తల ఊపడం చూశాడేమో, కుదురుకున్నాడు. అవతల మెట్ల మీద కర్పూరం వెలిగింది.

ఆ రోజు నేను కేబుళ్ళను పరీక్షించాను, పెట్టెలను పరీక్షించాను, టెస్టర్‌ను నమ్మాను. ఆ వేదిక మీద విషయం మొదటి నుంచీ తెలిసింది ఓబులేసు చేతులకే, వాటిని నేను చివర్లో అడిగాను. ఇప్పుడు ఏ వేదికైనా ముందు నేల మీద నిలబడి ఇనుమును చూస్తాను. కరెంటు ఒకే చోట నుంచి వచ్చేట్టు పట్టుబడతాను. తర్వాత వాయించేవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒంటికి ఏమైనా తెలుస్తోందా అని నోరు తెరిచి అడుగుతాను. కొందరు నవ్వుతారు. ఆ పేర్లూ గుర్తుపెట్టుకుంటున్నాను.

ఓబులేసు ఇప్పుడు ధర్మవరం నుంచి మడకశిర దాకా పెళ్ళిళ్ళలో వాయిస్తున్నాడు. ఎక్కడ కలిసినా సౌండ్ చెక్ అలాగే మొదలవుతుంది. పైపుల మీద అరచేతులు ఆనించి, మిక్సర్ దగ్గరున్న నాకు వినబడేలా గట్టిగా అరుస్తాడు: "చేతుల్లో ఏమీ లేదక్కా!" గొంతులో దిగులు ఎప్పుడో పోయింది. అవ్వ వస్తే ముందు వరుసలో, తిప్పిన స్పీకరు పక్కన కూర్చుంటుంది. ఆ మాట విన్నాకే నేను ఫేడర్ పైకి తోస్తాను.