కొట్టంలో పరిచిన గుట్ట మట్టి

నా చిన్నప్పుడు మా పెరట్లో నిలబడితే ఎదురుగా సైనైడు గుట్ట కనబడేది. గనిలో తవ్విన రాయిని పొడిచేసి, సైనైడు నీళ్లతో బంగారం తీసుకున్నాక మిగిలిన పిండిని పోసిన గుట్ట అది. ఆషాఢం గాలికి ఆ పిండి లేచి వచ్చి మా సంగట్లో, పక్కబట్టల్లో, కనురెప్పల మీద కూర్చునేది. పేరులోనే విషం ఉన్నా ఎవరం పట్టించుకోలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదానికి ఎవరు భయపడతారు? పిల్లలం దాని మీద జారి ఆడుకునేవాళ్లం, అమ్మలు ఆ మట్టితో ఇత్తడి చెంబులు తోమేవాళ్లు.

ఒక ఏడు వానలు విడవకుండా పడి కొట్టం నేలంతా బురదైంది. ఆవుల గిట్టల్లో పుండ్లు పడ్డాయి. మా తాతయ్య బండి కట్టుకుని వెళ్లి గుట్ట మట్టి తెచ్చి కొట్టమంతా పరిచారు. నేల పొడిగా, మెత్తగా, చూడముచ్చటగా తయారైంది. వీధిలోవాళ్లు వచ్చి చూసి తామూ తెచ్చుకున్నారు. ఆరేకొద్దీ ఆ మట్టి మీద ఉప్పులాంటి తెల్లపొర తేలేది. మా పెద్దావు దాన్ని నాకుతూ ఉండేది. ఒకనాటి పొద్దున చూస్తే కాళ్లు చాపి పడి ఉంది.

నాకు ఏడుపు రాలేదు. ఇంట్లో ఎవరూ ఏడవలేదు. అమ్మ పాలచెంబు కడిగి బోర్లించింది. దిష్టి తగిలిందన్నారు తాతయ్య. గుంజకు నిమ్మకాయలు కట్టి, చూడితో ఉన్న రెండో ఆవును అక్కడే కట్టేశారు. ఇక మాకు మిగిలింది అదొక్కటే. అదీ పోతే డెయిరీకి పోయడానికి కాదు గదా, పిల్లలకు తాగడానికీ పాలుండవు.

పక్కింటి అక్క రోజూ మారికుప్పం స్టేషన్లో రైలెక్కి బెంగళూరు కాలేజీకి వెళ్లి సైన్సు చదువుకునేది. విషయం వినగానే వచ్చి కొట్టం నేల చూసింది. చదువుకునే పిల్ల మాట కంటే రాగి గింజ మీద తాతయ్యకు నమ్మకం ఎక్కువని ఆమెకు తెలుసు. అందుకే వాదన పెట్టుకోలేదు. రెండు పాత కుండలు తెచ్చి, ఒకదాంట్లో కొట్టం మట్టి, ఇంకోదాంట్లో మా చేని మట్టి నింపి ఆయన ముందు పెట్టింది.

"తాతా, నేనేమీ చెప్పను. నీ చేత్తోనే రాగులు చల్లు, నీళ్లూ నువ్వే పొయ్యి. అంతవరకు ఆవును మా వాకిట్లో కట్టేయి."

"రాగులు యాడ చల్లినా మొలుస్తాయి గదమ్మా," అన్నారు తాతయ్య. అన్నారే గానీ ఆవును తోలుకెళ్లి వాళ్ల వాకిట్లో కట్టారు.

వారం తిరిగేసరికి చేని మట్టిలో పైరు పచ్చగా లేచింది. కొట్టం మట్టి కుండలో ఏమీ లేదు. తాతయ్య వేలితో కెలికి, పగిలి మాడిపోయిన గింజనొకదాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. తరవాత పార తీసుకుని కొట్టం తవ్వడం మొదలుపెట్టారు.

"ఇంగ ఆ గుట్ట మీద ఎప్పటికీ ఏమీ మొలవదా అక్కా?" అని అడిగాను.

"తెలీదు. పేడా ఆకూ కలిపి, ఏది బతుకుతుందో చూస్తా పోవాల. దానికే చదువుతా ఉండాను."

ఆ సాయంత్రం తాతయ్య నన్ను వెంటబెట్టుకుని వీధిలో ప్రతి ఇంటి ముందూ ఆగారు. ఆయన మాటకు ఎదురులేని ఊరు మాది. "నా ఆవును నేనే చంపుకున్నాను. ఆ మట్టి ఎత్తిపోయండి," అన్నారు. ఒకామె మొహం మీదే అడిగింది: "మాకు చూపించింది నువ్వే గదా తాతా?"

"అవునమ్మా. దానికే వచ్చినాను," అన్నారు ఆయన, తలెత్తి. నేను ఆయన చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడ్డాను. నాకు అప్పుడూ ఏడుపు రాలేదు.

తరవాత నేనూ మట్టి గురించే చదివాను. ఆ గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీద గడ్డీ, కానుగ చెట్లూ నిలబెట్టాలని నా ఉద్యోగమంతా గడిచింది. బతికినవాటి కంటే చచ్చినవే ఎక్కువ. బాధ నాకు ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. కానీ చూడటానికి కాలేజీ పిల్లలు వస్తే, పచ్చగా ఉన్నవైపు తీసుకెళ్లను. ముందు ఎండిపోయిన వరసల దగ్గర నిలబెట్టి, ఇక్కడ నేను చేసిన తప్పు ఇదీ అని చెబుతాను.