దాళ్వా కోతలకి వచ్చే మనిషి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో గుడ్ ఫ్రైడే దాదాపు ప్రతి ఏడూ దాళ్వా కోతల్లోనే, అంటే ఎండాకాలం వరి కోతల్లోనే, పడేది. మండవల్లి దాటి కొల్లేరు వైపు వెళ్తే వస్తుంది మా ఊరు. ఇప్పుడక్కడ ఎటు చూసినా చేపల చెరువులే గాని, అప్పట్లో అంతా వరి. ఊరి చివర మా చర్చి, చర్చి గోడ దాటగానే మా చేను. ఆ శుక్రవారం మావాళ్ళెవరూ కొడవలి ముట్టుకునేవారు కారు. మా చేలో మాత్రం ఒక మనిషి వంచిన నడుం ఎత్తకుండా కోత కోస్తూనే ఉండేవాడు. అతని గురించే నేను చెప్పబోయేది.

అతను మా ఊరివాడు కాదు, మా చర్చివాడూ కాదు. చింతలపూడి వైపు మెట్ట ఊరు వాళ్ళది. కోతల కబురు ఎలా తెలిసేదో గాని, ఏటా సరిగ్గా ఆ రోజులకి బస్సు దిగి, గోనెపట్టాలో చుట్టిన కొడవలితో నేరుగా చేలోకి వెళ్ళిపోయేవాడు. చేను కోసి, కట్టలు కట్టి, కుప్ప వేసి వెళ్ళేవాడు. కూలి తీసుకునేవాడు కాదు. మా ఇంట్లో మెతుకు ముట్టేవాడు కాదు. తెచ్చుకున్న మూట విప్పుకుని గట్టు మీద కూర్చుని తినేవాడు. మా నాన్న అతన్ని రావద్దనలేదు గాని ఒక్క మాట కూడా మాట్లాడి ఎరగడు. చేలోకి వెళ్ళినా అతనికి ఆ చివర్నే నిలబడేవాడు. ఎవరమ్మా అతను అని ఒకసారి మా అమ్మనడిగితే, మీ బాబాయి బతికించిన మనిషి అంది, అంతకు మించి చెప్పలేదు.

మా బాబాయి పోయేనాటికి నేను ఉయ్యాల్లో ఉన్నాను. తర్వాత విన్నదే నాకు తెలిసిన సంగతి. ఆ ఏడు వానాకాలంలో వాగులూ ఏరులూ అన్నీ ఒక్కసారే పొంగి కొల్లేట్లో పడ్డాయి. లంకల్లో జనం ఇళ్ళ కప్పులెక్కి కూర్చున్నారు. బాబాయికి తాటి దోనె ఉండేది. పొద్దుటి నుంచీ మనుషుల్ని ఎక్కించుకొచ్చి గట్టున దింపుతూనే ఉన్నాడట. ఆఖరికి ఒక్కడు మిగిలాడు. లంకలో ఒక ఆసామి దగ్గర గేదెలు కాయడానికి కుదిరిన మెట్ట కుర్రాడు. గేదెల్ని వదిలి రానని మొండికేసి అక్కడే ఉండిపోయాడు. ఈత రాదు. బాబాయి మళ్ళీ వెళ్ళి అతన్ని ఎక్కించుకుని వస్తుంటే దారిలో దోనె తిరగబడింది. ఆ కుర్రాడు బోర్లా పడ్డ దోనెని పట్టుకుని బతికాడు. బాబాయి మర్నాడు కిక్కిస గడ్డిలో దొరికాడు. అప్పటికింకా పెళ్ళి కాలేదు.

మా బాబాయి లేని లోటు నాకు పెద్దగా తెలిసేది కాదు. నన్ను పట్టుకున్న బెంగ ఇంకొకటి. సండే స్కూల్లో పాఠం చెప్పే అక్క, యేసు ప్రభువు నీ కోసమే ప్రాణం పెట్టాడు అని ఒక్కొక్కరి వైపూ వేలు చూపిస్తూ చెప్పేది. నేనెప్పుడూ అడగలేదే అనుకునేదాన్ని. అడక్కపోయినా ఒకరు నీ కోసం చచ్చిపోతే ఏం చెయ్యాలో మా చేలోకి చూస్తే తెలిసేది. బతికున్నన్నాళ్ళూ నోరెత్తకుండా వాళ్ళ వరి కొయ్యాలి. మరి ప్రభువు కోసం నేనేం కొయ్యాలో, ఎన్నేళ్ళు కొయ్యాలో తెలిసేది కాదు. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు. సిలువ బొమ్మ చూస్తే మాత్రం తల దించుకునేదాన్ని.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఆ ఏడు చర్చికి మొదటిసారి మైకు తెప్పించారు. చూరుకి కట్టిన ఆ లౌడ్ స్పీకరు మూతి మా చేను వైపే ఉంది. గుడ్ ఫ్రైడే నాడు మిట్టమధ్యాహ్నం మొదలైన ఆరాధన మూడింటిదాకా సాగింది. నేను మా మామ్మ పక్కన, కిటికీ దగ్గర చాప మీద కూర్చున్నాను. మామ్మంటే మా నాన్నకీ, పోయిన బాబాయికీ తల్లి. చదువు లేదు, మాట తక్కువ. పాస్టరు అయ్యగారు ప్రసంగంలో, ఆయన్ని సిలువ వేసింది రోమా సైనికులే అనుకోకండి, మేకులు కొట్టిన చేతుల్లో మన చేతులూ ఉన్నాయి, ఎవరి వల్ల చనిపోయాడో వాళ్ళ కోసమే చనిపోయాడు అని ఒకటికి నాలుగుసార్లు చెప్పారు. కిటికీలోంచి చూస్తే మెట్ట మనిషి కోత ఆపేసి, కొడవలి పక్కన పెట్టి, కోసి పరిచిన పనల మధ్య కూలబడి ఉన్నాడు. అతను పని ఆపడం నేను చూసింది అదే మొదలు. మామ్మ కూడా చూసింది. చూసి, కొంగు తలమీదికి లాక్కుని మళ్ళీ ప్రసంగం వింది.

ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి ఉపవాసం విడుద్దామని మామ్మ పళ్ళేలు కడుగుతోంది. చింతచిగురు పప్పు, అన్నం, మజ్జిగ, అంతే ఆ పూటకి. నాన్న అరుగు మీద మంచంలో కూర్చున్నాడు. అప్పుడు వచ్చాడతను మా వాకిట్లోకి. ఒళ్ళంతా వరిదుమ్ము, చేతిలో కొడవలి లేదు. మెట్టు దగ్గరే ఆగిపోయాడు.

“అమ్మా, మీ గుళ్ళో చెప్పిందంతా విన్నానండి. చంపినోళ్ళ కోసమే చచ్చిపోయాడంటున్నారు. అది ఎవరి గురించండి?” అన్నాడు.

“అందరి గురించీ, నాయనా,” అంది మామ్మ.

అతను ఎవరో తోసినట్టు ఒక్క బిగిన చెప్పేశాడు.

“ఆ రోజు నేను మీకు సగమే చెప్పానండి. దోనె తిరగబడ్డాక మీ అబ్బాయిగారి మెడ పట్టేసుకున్నానండి. వదలరా, నేను తీసుకెళ్తాను అన్నారు. నేను వదల్లేదండి. నా బరువుకి ఆయన మునుగుతూ లేస్తూ ఈదుకొచ్చారు. దోనె అంచు నా చేతికందించాక ఇంక ఆయన పైకి రాలేదు. ఆయన్ని నీళ్ళు చంపలేదండి. నేను చంపాను.”

నాన్న మంచం మీంచి లేచాడు. మా అమ్మ నన్ను లోపలికి లాగింది గాని నేను గడప దాటలేదు. నాన్న రెండడుగులు వేసేసరికి మామ్మ, చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని, గొంతు పెంచకుండా అంది.

“నాకు తెలుసు.”

నాన్న ఆగిపోయాడు.

“వాడికి ఆఖరి స్నానం పోసింది నేనే కదా. మెడ చుట్టూ గోళ్ళు దిగిన గుర్తులున్నాయి. అవి నీళ్ళు చేసేవి కావు.”

“తెలిసీ వీణ్ణి ఏటా మన చేలో అడుగు పెట్టనిచ్చావా అమ్మా?” అన్నాడు నాన్న. ఆ గొంతు నాకు కొత్తగా వినిపించింది.

“మునిగేవాడు ఏది దొరికితే దాన్ని పట్టుకుంటాడు. ఈ నీళ్ళ ఒడ్డున పుట్టినవాళ్ళకి చెప్పాలా ఆ సంగతి? మీ తమ్ముడికి తెలీదా? పీక పట్టుకుంటాడని తెలిసే చెయ్యందించాడు వాడు.”

తర్వాత ఆ మనిషి వైపు తిరిగింది. అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు.

“నీ దగ్గర బదులు పుచ్చుకుంటూ పోతే నా కొడుకు చేసింది కూలి పనైపోతుంది. అది నాకిష్టం లేదు. చెప్పుకోవాల్సింది నీ అంతట నువ్వే చెప్పుకుంటావని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. చెప్పావు. ఇంక కొడవలి తేవద్దు. కాళ్ళు కడుక్కునిరా, అన్నం తిందువుగాని.”

నాన్న ఎవరినీ చూడకుండా కాలవ గట్టు వైపు వెళ్ళిపోయాడు. మామ్మ మళ్ళీ పిలవలేదు, బతిమాలలేదు. పీట వేసి, పళ్ళెంలో అన్నం పెట్టి, పప్పు వడ్డించి, ఎదురుగా కూర్చుంది. ఆఖరికి అతను లేచి, కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. మొదటి ముద్ద నోటి దగ్గరికి తీసుకెళ్ళి, పళ్ళెంలో దించి, మళ్ళీ ఎత్తి తిన్నాడు. మామ్మ మారు వడ్డించింది. వద్దనలేదు. ఏడుస్తూనే పళ్ళెం ఖాళీ చేశాడు. చేలో సగం కోత అలాగే మిగిలిపోయింది. ఆ సగాన్ని తర్వాత మా నాన్న మనుషుల్ని పెట్టి కోయించాడు.

మరుసటి ఏడు అతను కోతలకి రాలేదు. ఈస్టరు నాడు భార్యనీ, చంటిపిల్లనీ వెంటబెట్టుకుని, ఒట్టి చేతులతో వచ్చాడు. నాన్న అతన్ని చూసి ముఖం తిప్పుకోబోయి, చంటిదాని వైపు చూసి, బస్సు దొరికిందా అని అడిగాడు. దొరికిందండి అన్నాడతను. వాళ్ళిద్దరి మధ్యా మొదటి మాట అదే. ఆ తర్వాత కూడా పెద్ద స్నేహమేమీ కాలేదు. మా నాన్న తను బతికినంత కాలమూ తమ్ముడి పేరెత్తితే లేచి అవతలికి వెళ్ళిపోయేవాడు. మామ్మ క్షమించినంత సులువుగా అందరూ క్షమిస్తారని నేను చెప్పలేను. మామ్మకి కూడా సులువు కాదేమో. తెలిసిన సంగతిని కడుపులో పెట్టుకుని, ఏటా అతను వరి కోస్తుంటే చూస్తూ ఆమె ఏమనుకునేదో ఎవరికీ చెప్పలేదు.

నేను దెందులూరు దగ్గర స్కూల్లో టీచరుగా చేసి, రిటైరై, ఇప్పుడు వట్లూరులో ఉంటున్నాను. బైబిలు తరగతుల్లో ప్రభువు మన పాపాలకి చేసిన ప్రాయశ్చిత్తం గురించి నేర్చుకున్నాను, పిల్లలకి చెప్పాను కూడా. ఆ మాటలన్నీ సరైనవే. కాని సిలువంటే నాకున్న భయం పోయింది వాటివల్ల కాదు, ఆ పూట అతను అన్నం తినడం చూశాక. అతను చేసిన పని ఇంక దాచలేదు, చిన్నదీ చెయ్యలేదు. దానికి బదులు తీర్చమని ఎవరూ అడగలేదు. పీట వేశారు, కూర్చున్నాడు.

మా చర్చిలో ఇప్పటికీ కొందరు, ఈ నెల నాకు యోగ్యత లేదండీ అని రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గరికి రాకుండా వెనక వరసలోనే ఉండిపోతారు. వాళ్ళని నేను తప్పుపట్టను. నాకు యోగ్యత ఉందనుకుని నేనూ వెళ్ళడం లేదు. మనం ఎలాంటివాళ్ళమో, తను మన చేతికి చిక్కితే ఏం చేస్తామో ప్రభువుకి ముందే తెలుసు, తెలిసే వచ్చాడు అనుకుంటాను. అయ్యగారు రొట్టె ముక్క అందించినప్పుడు రెండు చేతులూ చాపి తీసుకుంటాను.