చుక్కల్లో రాసుకున్న మాటలు

నాకు చూపు లేదు, అక్కకు ఉంది. చిన్నప్పుడు నేను బ్రెయిలీ నేర్చుకుంటుంటే తనూ పక్కన కూర్చుని నేర్చుకుంది. మా అమ్మ కూడా ఆ కష్టం పడలేదు. అందుకే లోకంలో అందరికంటే అక్కనే ఎక్కువ నమ్మాను.

అక్క కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నేను బడిలో సోషల్ టీచర్‌ని. కల్లూరులో అక్కాబావల ఇంట్లోనే ఉండేదాన్ని. నాకంటూ ఒక గది ఇచ్చారు గానీ, లోపల పడిపోతే ఎట్లా అని బావ తలుపుకున్న గడియ ఊడదీయించాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని ఊరుకున్నాను.

నాలో నేను అనుకునేవి రాసుకోవాలనిపించింది. ల్యాప్‌టాప్‌లో తెలుగులో రాస్తే ఎవరైనా చదివేస్తారు. ఆ మాటంటే, చుక్కల్ని చుక్కలుగానే దాచుకోవచ్చని అక్కే చెప్పింది. బ్రెయిలీలో గడికి ఆరు చుక్కలు, వాటిలో పైకి లేచినవాటిని తడిమి అక్షరం పోల్చుకుంటాం. ఒకటో చుక్కకు విలువ ఒకటి, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. లేచిన చుక్కల విలువలు కూడితే ఆ గడి సంఖ్య వస్తుంది. ‘క’కు లేచేవి ఒకటో చుక్క, మూడో చుక్క; వాటి విలువలు ఒకటీ నాలుగూ కలిపి ఐదు. ఏ చుక్కలు లేచాయన్నదే కంప్యూటర్ దాచుకుంటుంది. అది తెలుగో ఇంగ్లీషో దానికి పట్టదు.

“నువ్వేం రాసినావో దానికే తెలీదు మే” అని అక్క నవ్వింది.

ఆరు మీటలతో రాసి, వేళ్ల కింద సన్నని పిన్నులు లేచే చిన్న యంత్రం మీద చదువుకునేదాన్ని. తెర మీద చీమలు బారు కట్టినట్టుందని బావ ఎగతాళి చేసేవాడు. మూడేళ్లు రాశాను. నా కోపాలు, నా కోరికలు, బావ టీవీ మోత, అన్నీ అందులోనే.

ఒక ఏడాది జిల్లా మారే బదిలీలు పెడతారని బడిలో చెప్పుకున్నారు. కడప జిల్లాకు పోవాలని, ఒంటిమిట్ట దగ్గర ఒక్కదాన్నే గది తీసుకుని బతికి చూడాలని రాసుకున్నాను. నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాతి ఆదివారం భోజనాల దగ్గర బావ కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

“ఒంటిమిట్ట కాడ ఒక్కదానివే యెట్లుంటావు పాపా? ఈడ నీకేం తక్కువ చేసినాం?”

తన టీవీ నిజంగా అంత మోతగా ఉండాదా అని కూడా అడిగాడు. పాపం, నొచ్చుకున్నాడు.

అక్క దాచలేదు. ఒక్కో చుక్కల గుర్తుకు ఎదురుగా తెలుగు అక్షరం పెట్టి పట్టిక చేసుకుందట. ఫైలంతా తెలుగులోకి మారడానికి రెండు నిమిషాలు కూడా పట్టదట. బదిలీ సంగతి చూసి భయపడి, బావ కోసం ప్రింటు తీసిందట. ఎప్పటి నుంచి చదువుతున్నావని అడిగాను.

“మొదట్నుంచీ చదువుతాండా. నీ మంచికే మే.”

మొదటి నుంచీ. బొరుగులతో చేసే ఉగ్గాని తినాలని ఉందని రాసుకున్న మరునాడే ఇంట్లో ఉగ్గాని ఉండేది. దిగులుగా ఉందని రాసుకుంటే తెల్లారి వచ్చి తల దువ్వేది. అడగకుండానే నా మనసు తెలుసుకుంటుందని ఎంత మురిసిపోయానో. నమ్మించి గొంతు కోయడానికి కత్తే అక్కర్లేదు, ఉగ్గాని చాలు. ఆ ప్రేమంతా నిజమే కావచ్చు. అయినా నేను మోసపోయాను. ఈ మాట ఆమెకు చెప్పాను కూడా. ఏడ్చింది గానీ తప్పని ఒప్పుకోలేదు.

బదిలీ వచ్చింది. ఇప్పుడు ఒంటిమిట్ట దగ్గరే ఒక్కదాన్నే ఉంటున్నాను. నా ల్యాప్‌టాప్ ముట్టేవాళ్లెవరూ లేరు. ఇంకా చుక్కల్లోనే రాసుకుంటున్నాను.

నిన్న జ్వరంతో లేవలేక బడికి పోలేదు. ‘ఒంట్లో బాగుంది, కడుపు నిండా తిన్నాను’ అని రాసుకున్నాను.