ఉత్త డబ్బా తిరిగియ్యని పక్కింటామె

రాస్తా ఉండావా? నేను చెప్పింది చెప్పినట్టే రాయాల. ఈడ కొంచెం దిద్ది, ఆడ కొంచెం తీసేసి, నన్నేదో పంతులమ్మ మాదిరి చెయ్యొద్దు. చదివేవాళ్లకి ముందే చెప్పేస్తా ఉండా: ఇది రాసేది నా మనవరాలు, ఇందులో ఏడ్చేది కూడా ఇదే. ఏయ్, పెన్ను కింద పెట్టొద్దు. రాయి.

నేను కంప్యూటర్లో ఆటలాడతానని తెలిసిన్నాటినుంచి పార్కుకొచ్చే ఆడోళ్లంతా నన్ను పట్టుకుంటా ఉండారు. "ఏ ఆటతో మొదలుపెట్టమంటావక్కా?" అని, మోకాళ్లకి ఏ తైలం మంచిదని అడిగినట్టే అడగతారు. రంగు మిఠాయిలు వరస పేర్చే ఆట వద్దమ్మా, అది శెనక్కాయలు ఒలిచే పని, చెయ్యి ఆడతాది గానీ బుర్ర ఆడదు అంటా. తుపాకీ పట్టుకోని పరిగెత్తేది కూడా వద్దు. పరిగెత్తే వయసులోనే మనం పరిగెత్తలా, ఇప్పుడేంది?

నేను చెప్పేది ఇంకో జాతి ఆట. ఇమ్మర్సివ్ సిమ్ అంటారు. ఆ పేరు పలికేలోపల ఎలక్ట్రిక్ రైలు ఒక స్టేషన్ దాటిపోతాది. విషయం మాత్రం సులువు. నిన్ను ఒక ఇంట్లోనో, ఆఫీసులోనో, వీధిలోనో వదిలేస్తారు. ఒక పని చెప్తారు. ఎట్లా చెయ్యాలో చెప్పరు. తలుపుకి తాళమేసుంటే తాళంచెవి వెతుక్కో. లేదంటే కిటికీ పగలగొట్టు. లేదంటే పెట్టెల మీద పెట్టెలు పెట్టి మిద్దెక్కు. లేదంటే లోపలుండేవాడే తలుపు తీసేట్టు ఏదో ఒకటి చెయ్యి. నీ ఇష్టం. పెళ్లైన కొత్తల్లో అత్తామామలు ఊరికి పోయినప్పుడు ఇల్లెట్లా ఉంటాదో, అట్లుంటాది.

ఈ పిచ్చి నాకంటించింది ఎవరు? నువ్వే. నాకు మోకాలి ఆపరేషన్ అయి మంచాన పడుంటే, సీరియల్లో ఉండే కోడళ్లని పేరుపేరునా తిడతా ఉంటే, నువ్వు ల్యాప్‌టాప్ తెచ్చి ఒళ్లో పెట్టినావు. నువ్విచ్చిన మొదటి ఆట, ఒక పెద్ద ఆఫీసు కట్టడం. పై అంతస్తు నుంచి ఒక పెట్టె ఎత్తుకోని రావాల. దోవంతా కావలోళ్లు. నేను ఏసీ గొట్టంలో దూరి పోతా ఉంటే ఒకడు చూసినాడు, కాల్చినాడు, నా బొమ్మకి ప్రాణం కొంచెమే మిగిలింది.

"అవ్వా, ఆ మేజా మీద బన్నుంది చూడు. తిను, ప్రాణమొస్తాది" అన్నావు నువ్వు.

"సగమే ఉండాది. ఎవరు కొరికినారు?"

"ఎవరో."

"ఎవరో కొరికింది నేను తినాల్నా?"

"నువ్వు కాదవ్వా, బొమ్మ తింటాది."

"ఆ బొమ్మ చెయ్యి నా చెయ్యే కదా ఇప్పుడు? ఎంగిలి ముట్టను, పో."

ఆ ఆటలో తిండంటే అంతా అట్లాంటిదే. సగం బన్ను, కొరికిన ఆపిల్, ఎవడో తాగి వదిలేసిన కాఫీ. చెత్తబుట్టలో వెతికి కూడా తినొచ్చంట, అడిప్పావి! నేను కుళాయి నీళ్లు తాగి, గోడల చాటున దేక్కుంటా దేక్కుంటా ఆ ఆట ముగించినా. అప్పుడే మీ అన్న అంబత్తూరు నుంచి డ్యూటీ దిగొచ్చినాడు. వాడు ఆడని ఆట లేదు కదా, నా వెనక నిలబడి చూసి నోరు తెరిచినాడు.

"అవ్వా, ఇట్లా తిండి ముట్టకుండా ఆడాలని గొప్ప గొప్ప ఆటగాళ్లు నియమం పెట్టుకుంటారు. నువ్వెప్పుడు పెట్టుకున్నావు?"

"నేనెక్కడ పెట్టుకున్నా? మా అత్త పెట్టింది."

ఆపొద్దు నుంచి మనింట్లో ఆదివారం దోసెల దగ్గర ఇదే వాదన. ఏ ఆట ఈ జాతిది, ఏది కాదు? మీ అన్న ఒక దోసె తినేలోపల పెద్ద న్యాయం చెప్తాడు. మన కళ్లతో చూసినట్టే కనపడాలంట, ఆడే మనిషి వీపు కనపడకూడదంట. గాలి గొట్టాలుండాలంట. చంపకుండా కూడా ముగించే వీలుండాలంట. "అట్లైతే ఆ పడవ ఆట? మనిషి వీపు కనపడతాది, అది కాదా?" అని నువ్వు గరిటె పట్టుకోని వాడి మీదికి పోతావు. నీ న్యాయం ఏందంటే, ఒక్కో పనికి మూడు నాలుగు దోవలుండాల, అంతే. మీరిద్దరూ అరవంలోకి దిగి అరుచుకుంటా ఉంటే పెనం మీద దోసె మాడిపోయేది.

నాదేమో వేరే మాట. నా పట్టింపులన్నీ నేను పెట్టుకోని కూడా ముగించగలిగితే అది ఆ జాతి ఆట. ఎంగిలి గురించి ఆ ఆట చేసినోడికి ఏం తెలుసు? తెలీకపోయినా నన్ను ఆడనిచ్చినాడు చూడు, అదీ. మీరిద్దరూ నవ్వినారు. "అవ్వా, పోదుం" అన్నావు. పోదుమా? సాలించమని అవ్వకి అరవంలో చెప్తావా? సరి, ఇప్పుడు ఎవరు నవ్వుతారో చూద్దాం. రాయి.

నువ్వు చదివేది ఆటలు చేసే చదువే కదా. ఆఖరి ఏడు సొంతంగా ఒక ఆట చేసి చూపించాల. నువ్వేం చేసినావు? నేను చెప్పిన కథల్లోంచి మన పాత రైల్వే క్వార్టర్స్ కట్టినావు. వరస ఇళ్లు, ఉమ్మడి కుళాయి, ప్లాస్టిక్ బిందెలు, వర్క్‌షాపు సైరన్ కూత కూడా పెట్టినావు. అది విని మీ తాత ఫొటో దిక్కు చూసినా నేను. పనేందంటే, పక్కింటామె మన ఇత్తడి మురుకుల గొట్టం తీసుకోని పోయింది, ఇయ్యలా. అది ఆమె వంటింటి బీరువాలో, అన్ని సరుకులకీ వెనక ఉండాది. తెచ్చుకోవాల. పెరటి తలుపు ఒక దోవ, ఇంటి కప్పు మీద పెంకు తీసి దిగేది ఒక దోవ, ఆమె కునుకు తీసేటప్పుడు నడుం నుంచి తాళంచెవి లాగేది ఒక దోవ. పట్టుబడితే చీపురు తిరగేసి తరుముతాది. భలే చేసినావు, కాదనను.

మీ మాస్టారు చూసి ఏమన్నాడు? "దీన్ని ఇమ్మర్సివ్ సిమ్ అని రాసినావు. మూడు తలుపులు పెట్టినంత మాత్రాన అవదు. నువ్వు పెట్టని దోవ ఒక్కటి, వేరే ఎవరైనా కనిపెట్టి తెస్తే ఒప్పుకుంటా. లేదంటే వచ్చే ఆరు నెలలు కూర్చోని మళ్లీ చెయ్యి." స్నేహితులంతా పాసై పోతా ఉంటే నువ్వొక్కదానివి ఆ క్లాసులో! ఇంటికొచ్చి ముఖం కూడా కడుక్కోలా. స్నేహితులందరి చేతా ఆడించినావు. అందరూ ఆ మూడు దోవలే. మీ అన్న కప్పు మీది నుంచి దూకి, టీ చల్లారకముందే గొట్టం తెచ్చేసి, "ఇది దాగుడుమూతలాటే పాపా, పేరు మార్చేయ్" అన్నాడు. నువ్వు ఏడ్చినావు. ఏడ్చినావా లేదా? అయితే రాయి.

"నేనాడతా, ఇట్లా ఇయ్యి" అన్నా.

మొదట వాకిలి కొట్టి అడుగుదామని పోయినా. అడిగే బటన్ లేదు. "అడిగితే ఇంక ఆటేముంటాదవ్వా?" అన్నావు. సరేలే, నీ ఇంట్లో నీ చట్టం. పెరట్లోకి పోతే బిందె తగిలింది, అది దొర్లింది, ఆమె చీపురుతో వచ్చింది. నేను ఒకటే పరుగు. ఆ పరుగులో, ఆటలో మనింట్లోంచి తీసుకోనొచ్చిన స్టీలు డబ్బా నా చేతిలోంచి జారి ఆమె గుమ్మంలో పడిపోయింది. అప్పుడే బొమ్మకి ఆకలని గుర్తు వెలగడం మొదలుపెట్టింది. కళ్లు మసకలు. ఆమె అరుగు మీద సగం తాగిన కాఫీ గ్లాసు.

"తాగవ్వా! పడిపోతా ఉండావు!"

"పడిపోతే పడిపోతా."

అట్లా మనింటి గుమ్మంలో చతికిలబడుంటే, పక్కింటామె వచ్చింది. చీపురు లేదు. నా డబ్బా తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది. మూత తీస్తే అరటిపండ్లు!

"ఇదేందే?" అన్నా.

"చుమ్మా, ఊరికే అందానికి పెట్టినానవ్వా. పరాయివాళ్ల గిన్నె కనపడితే తిరిగి ఇచ్చేస్తాది. నువ్వెప్పుడూ ఉత్త గిన్నె ఇయ్యవు కదా, అట్లనే ఆమె కూడా. బీరువాలో ముందు ఏదుంటే అది తీసి అందులో పెడతాది."

అరటిపండు ఎంగిలి కాదు. తొక్క తీసి తిన్నా. కళ్లు తేటపడినాయి. ఆ తర్వాత డబ్బా తీసుకోని పోయి మళ్లీ ఆమె గుమ్మంలోనే పెట్టొచ్చినా.

"ఏం చేస్తా ఉండావు?"

"గమ్మునుండు."

బెల్లం వచ్చింది. మళ్లీ పెట్టినా. చింతపండు వచ్చింది. ఎర్రగడ్డలు వచ్చినాయి. ఎండుమిరపకాయలు, కందిపప్పు, వడియాలు. నేను మంచం మీద కాళ్లు చాపుకోని కూర్చున్నా, ఆమె పాపం అటూ ఇటూ తిరగతానే ఉండాది. మనింటి గుమ్మం కిరాణా కొట్టు మాదిరి అయిపోయింది. నువ్వేమో గోళ్లు కొరుకుతా నా భుజం మీదికి వంగినావు. ఆఖరికి వచ్చింది డబ్బా. మూత సరిగ్గా పడలా. లోపల నుంచి ఇత్తడి పిడి బయటికి పొడుచుకోనుండాది.

నువ్వు పెట్టిన కేకకి కింద ఇస్త్రీ చేసేవాడు తలెత్తి చూసినాడంట. "అది నేను పెట్టలా! అవ్వా, ఆ దోవ నేను పెట్టలా!"

మీ అన్న వచ్చినాడు, ఆటని ముందుకీ వెనక్కీ తిప్పి చూసినాడు, పెదవి విరిచినాడు. "ఇది బగ్గు."

"బగ్గా? పొరపాటంటావా?"

"కాక? కాజేసిన గొట్టాన్నే డబ్బాలో పెట్టి తిరిగిస్తాదా ఎవరైనా? బుద్ధుండే మనిషి చెయ్యదు. మాస్టారు చూస్తే నవ్వుతాడు. బీరువా ఖాళీ అవకుండా చేసెయ్ పాపా. ఇమ్మర్సివ్ సిమ్ అనే మాట తీసేసి, మామూలు ఆటగా ఒప్పుకొమ్మని మాస్టార్నే బతిమాలుకో."

అంతే, నీ ముఖం వాడిపోయింది. సాయంత్రం లోపల మాస్టారికి పంపించెయ్యాల ఆ ఆటని. నువ్వు గబగబా దిద్దడానికి కూర్చున్నావు. నేను చెప్పినా, వద్దే, మూడు దోవలు నువ్వు కట్టినావు, అది గొప్ప కాదు, ఆమెకి ఒక బుద్ధి పెట్టి వదిలేసినావు, ఆ బుద్ధే నాలుగో దోవ తెచ్చింది, దాన్ని కోసెయ్యొద్దు అని. వింటావా? "నీకు తెలీదవ్వా" అన్నావు.

నాకు తెలీదు కదా. అందుకే నువ్వు ముఖం కడగడానికి పోయినప్పుడు ఆ చార్జర్ పీకి బియ్యం డ్రమ్ములో పెట్టినా. చార్జర్ లేకుంటే ఆ ల్యాప్‌టాప్ ఎంతసేపు నిలుస్తాదో మనకు తెలుసు. మీ అన్నది దానికి పట్టదు.

నువ్వు ఇల్లంతా తిరగేసినావు. సోఫా కింద, పూజ గూట్లో, వాషింగ్ మెషీన్లో. "అవ్వా, చూసినావా?" "నేనెక్కడ చూస్తానమ్మా, కళ్లజోడే కనపడలా." మీ అమ్మ బియ్యం కడగడానికి లేచేసరికి నేను దాన్ని తీసుకోనొచ్చి నా దిండు కింద పెట్టుకున్నా. వెతుకు, ఎన్ని దోవలుంటే అన్నిట్లో వెతుకు.

కొంచెంసేపటికి నువ్వే వచ్చినావు. చేతిలో నీ టిఫిన్ డబ్బా. "అమ్మ కేసరి చేసింది, తిను" అని మంచం పక్కన పెట్టి గమ్మున పోయినావు. పాపం, ఇంత ఏడుపులో కూడా అవ్వకి తెచ్చిందే అనుకున్నా. తిన్నా. కిస్మిస్ బాగా వేసింది మీ అమ్మ. డబ్బా కడిగినా, తుడిచినా. తిరిగి ఇయ్యాల కదా. ఉత్తది ఎట్లా ఇచ్చేది? నా మురుకుల టిన్ను చూస్తే, మీ అన్న ఊడ్చిపెట్టినాడు. పండ్లు లేవు. బిస్కెట్లు లేవు. మళ్లీ వంటింట్లోకి పోదామంటే, బియ్యం డ్రమ్ము దాకా తిరిగిన మోకాలు ఇంక రానంటా ఉండాది. గదంతా చూసినా. తైలం సీసా, విభూతి, దిండు. దిండు కింద చార్జర్.

డబ్బా పట్టుకోని ఎంతసేపు నిలబడినానో. ఇస్తే నువ్వు ఆ పక్కింటామె బుద్ధి కోసేస్తావు. ఇయ్యకుంటే ఉత్త డబ్బా ఇయ్యాల. పెళ్లైనప్పటినుంచి ఒక్కరికీ నేను ఉత్త గిన్నె ఇచ్చిందాన్ని కాదు. చార్జర్ని చుట్ట చుట్టి లోపల పెట్టినా. మూత సరిగ్గా పడలా. తీగ బయటికి పొడుచుకోనుండాది.

తెచ్చి నీ చేతిలో పెట్టినా. నువ్వు మూత తీసినావు. మీ అన్న కూడా పక్కనే ఉండాడు. ముగ్గురం ఆ డబ్బాలోకి చూసినాం.

"కాజేసిందాన్నే డబ్బాలో పెట్టి తిరిగిస్తాదా ఎవరైనా?" అన్నావు నువ్వు, మీ అన్న గొంతుతోనే. వాడు తల గోక్కుంటా బయటికి పోయినాడు.

నువ్వు చార్జర్ తగిలించినావు. ఒక్క అక్షరం దిద్దలా. అట్లనే పంపించేసినావు.

మాస్టారు నీ ముందరే ఆడినాడంట. డబ్బా పెట్టి, తెచ్చుకోని, పెట్టి, తెచ్చుకోని, గొట్టం వచ్చేదాకా వదల్లేదంట. "ఈ దోవ నువ్వు పెట్టినావా?" అని అడిగితే, "లేదు సార్, మా అవ్వ కనిపెట్టింది" అన్నావంట. "బుద్ధుండేవాళ్లెవరైనా ఇట్లా చేస్తారా?" అంటే, "మా ఇంట్లో ఒకామె ఉండాది సార్" అన్నావంట. పాస్ చేసేసినాడు. పేరు కూడా మార్చమనలా.

కాబట్టి పార్కులో ఆడోళ్లకి నేను ఇప్పుడు చెప్పేది ఇదే. ఆట ఎంచుకునేటప్పుడు ఎన్ని తలుపులుండాయని చూడొద్దండి. చేసినోడు వచ్చి, "అయ్యో, అది నేను పెట్టలా" అని కేక పెడతాడా లేదా, అది చూడండి. మీ అన్నకి ఇంకా ఒప్పుదల లేదు, గాలి గొట్టం లేదు కదా అంటానే ఉండాడు.

ఏయ్, ఏందా నవ్వు? ఆగు. ఆపొద్దు కేసరి అందరికీ గిన్నెల్లో పెట్టి, నాకు మాత్రం నీ డబ్బాలో ఎందుకు తెచ్చినావు? నా మురుకుల టిన్ను ఖాళీ అని నీకు ముందే తెలుసునా? చెప్పు. పెన్ను కింద పెట్టి చెప్పు.