చెవి మేస్త్రి

ఆ షెడ్డుకి బోర్డు లేదు. అవసరం రాలేదు. "చెవి మేస్త్రి షెడ్డెక్కడ?" అంటే వీధిలో ఎవరైనా వేలు పెట్టి చూపించేవారు. పాత బళ్ల ఇంజన్లంటే ఆయన తర్వాతే ఇంకొకరు. బానెట్ ఎత్తి, చెక్కపిడి ఉన్న పొడుగాటి స్క్రూ డ్రైవర్ కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "మూడో వాల్వు" అనేవాడు. విప్పి చూస్తే మూడో వాల్వే! ఆయన చెవికి జడిసి వీధిలో మొగుడూ పెళ్లాలు గుసగుసగా పోట్లాడుకుంటున్నారని ఎదురుగా ఉన్న టైర్ల కొట్టాయన హాస్యమాడేవాడు.

అలాంటి మనిషికి ఏడాదిగా చెవులు వినపడడం లేదు.

ఒక్కసారిగా పోలేదు. మొదట రేకుల మీద చినుకుల చప్పుడు పోయింది. ఆనక వంటింట్లోంచి పిలిచే భార్య గొంతు పోయింది. ఎవరితోనూ అనలేదు. చెవి మేస్త్రికి చెవుడొచ్చిందని తెలిస్తే షెడ్డు గడప తొక్కేదెవరు? పోనీ, ఇంట్లోనైనా చెప్పొచ్చు కదా మహానుభావుడు! అదీ లేదు. భార్య కోప్పడితే పడగలడు, అది పెళ్లినాటి నుంచీ ఉన్న అలవాటే. జాలిపడితే మాత్రం తట్టుకోలేడు.

షెడ్డులో ఎలాగో నెట్టుకొచ్చాడు. "చప్పుడెలా ఉందో మీరే చెప్పండి" అని బండివాళ్ల నోటే చెప్పించుకుని, అరచెయ్యి ఇంజను మీద ఆనించి, పాత అనుభవంతో పని కానిచ్చేవాడు. అంతటి పనిమంతుడికి ఎంత వినయమో అని జనం మెచ్చుకున్నారు కూడా. ఇంటి దగ్గర మాత్రం అన్నిటికీ గంగిరెద్దులా తల ఊపడమే. అలా ఊపి ఊపి, వదినగారిని నెల్లాళ్లు ఉండి వెళ్లమని పిలవడానికి ఒప్పేసుకున్నాడు. ఆవిడ పెట్టెతో దిగాక, "మీ అక్క ఎందుకొచ్చిందే?" అని ఆవిడ ఎదురుగానే అడిగి చీవాట్లు తిన్నాడు. వెనకనుంచి పిలిస్తే పలక్కపోవడం ఇంకో నేరం.

"దొరగారికి మన మాట చెవికెక్కదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు" అనేది ఆమె.

వినపడకపోయినా పెదాల కదలికలోనే ఆ సామెత ఆయనకి అర్థమైపోయేది. కంచంలో తల దూర్చేసేవాడు.

ఇలా ఉండగా ఓ పొద్దున పశువుల డాక్టరమ్మ తన ముసలి జీపుతో వచ్చింది. కొండ మీద మేకల వాళ్ల దగ్గరికి వెళ్లే రాళ్ల దారిలో ఆ జీపు తప్ప ఇంకే బండీ ఎక్కదు. ఆ జీపుకి ఎన్నో ఏళ్లుగా వైద్యం చేస్తున్నది మన మేస్త్రే.

"మేస్త్రిగారూ, టకటకమని ఒకటే మోత. ఇంకో చోట చూపిస్తే ఇంజను లోపల బేరింగ్ పోయింది, తుక్కు కింద అమ్మేయమన్నారు. మా ఆయనా అదే పాట. మీరు కూడా బేరింగే అంటే ఈ సాయంత్రమే ఇచ్చేస్తాను. మీ మాటే ఆఖరు" అంది, ఆయన ఎదురుగా నిలబడి గట్టిగా.

ఆయన ఇంజను స్టార్ట్ చేసి స్క్రూ డ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. ఏమీ లేదు. చెవిలో దూది కుక్కినట్టుంది. అరచెయ్యి పెడితే లోపల ఏదో కొట్టుకుంటోందని మాత్రం తెలుస్తోంది. ఎక్కడో తెలియదు.

"బేరింగే" అనేస్తే పరువు నిలుస్తుంది. తుక్కులోకి పోయిన బండిని విప్పి చూసేదెవరు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎదురుగా జీపు, తను వేసిన అతుకులతో, తను బిగించిన బోల్టులతో నిలబడి ఉంది. ఛీ, ఇదేం బుద్ధి నాకు అని మింగేశాడు.

ఆఖరి ప్రయత్నంగా ప్లగ్గు వైర్లు పీకి చూద్దామనుకున్నాడు. ఒక్కో వైరూ తీస్తూ పోతే, ఏ వైరు తీసినప్పుడు మోత తగ్గుతుందో అక్కడి బేరింగ్ పోయినట్టు లెక్క. తగ్గిందీ లేనిదీ డాక్టరమ్మనే చెప్పమనొచ్చు. ఒక చేత్తో వైరు పట్టుకోవాలి, రెండో చేత్తో ఇంజను రేస్ చెయ్యాలి. స్క్రూ డ్రైవర్ ఎక్కడ పెట్టను? ఇంకేం తోచక పిడిని పళ్ల మధ్య కరుచుకుని ముందుకి వంగాడు. దాని కొన ఇంజనుకి తగిలింది.

టక్! టక్! టక్!

తల నిండా చప్పుడు! దవడలోంచి నేరుగా బుర్రలోకి దిగింది. అదిరిపడి వెనక్కి లేచాడు. అంతా నిశ్శబ్దం. మళ్లీ వంగాడు. మళ్లీ చప్పుడు. వాల్వుల చిటపటలు, గేర్ల రొద, అన్నీ ఏడాది తర్వాత ఊరినుంచి చుట్టాలు దిగినట్టు దిగాయి. ఆయన కళ్ల వెంట నీళ్లు జలజలా రాలిపోయాయి.

ఏడుస్తూనే పని చేశాడు. వైర్లన్నీ ఒక్కొక్కటే పీకి పెట్టాడు. మోత తగ్గలేదు. అయితే బేరింగ్ కాదు! కొన జరుపుకుంటూ, బెల్టుకి దూరంగా మెడ వంచి ముందుకి వచ్చాడు. బెల్టు తిప్పే కింది పుల్లీ దగ్గర పళ్లు జిల్లుమన్నాయి. ఇంజను ఆపి పుల్లీని పట్టుకుని ఊపితే కదులుతున్న పన్నులా అటూ ఇటూ ఆడింది. మధ్య బోల్టు వదులైంది, అంతే.

"తుక్కు లేదు, గిక్కు లేదు డాక్టరమ్మా! బోల్టు బిగిస్తే కొండెక్కేస్తుంది" అని అరిచినట్టుగా చెప్పి, పెద్ద పానా తీసుకుని బిగించాడు. ఈసారి స్టార్ట్ చేస్తే టకటక లేదు. డాక్టరమ్మ మొహం విప్పారింది. మేస్త్రికి దండం పెట్టి, జీపు స్టీరింగుని నిమిరి వెళ్లిపోయింది.

అప్పుడు తిరిగి చూస్తే గుమ్మంలో భార్య, చేతిలో అన్నం క్యారేజీతో. ఎంతసేపటినుంచి నిలబడి చూస్తోందో, ఎన్నిసార్లు పిలిచిందో! ఆవిడ చూపు ఆయన చేతిలోని స్క్రూ డ్రైవర్ పిడి మీది పళ్లగాట్ల మీదుంది. ఇంక దాచేదేముంది? చెవి చూపించి, లేదన్నట్టు చెయ్యి తిప్పాడు.

ఆమె క్యారేజీ కింద పెట్టింది. వచ్చి ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి పక్కనే కూర్చుంది. నూనె మరకల తలని రెండు చేతులా దగ్గరికి లాక్కుని, తన దవడని ఆయన కణతకి గట్టిగా ఆనించి మాట్లాడింది.

"ఏవండోయ్ దొరగారూ! అయితే ఏడాదిగా నేను తిట్టిన తిట్లన్నీ గాలికేనా?"

వినపడింది. పొల్లుపోకుండా, ఆ గొంతులోని వణుకుతో సహా వినపడింది. ఆయన ఆమె చేతుల్ని అలాగే పట్టుకున్నాడు.

"తల తియ్యకు" అన్నాడు. "మళ్లీ మొదటినుంచీ తిట్టు."